నేల కింద నీరుగంటి లేడు: బహ్రెయిన్ నీటి చరిత్ర

మనామాలోని మన ఇళ్ళలో తెల్లవారుజామున కొళాయి తిప్పగానే నీరు వస్తుంది. ఆ నీటితోనే గడప కడుగుతాము, స్నానాలు చేస్తాము, దేవుని ఎదుట పంచపాత్ర నింపుతాము, పప్పు ఉడికిస్తాము, పిల్లల బడి దుస్తులు ఉతుకుతాము. ఈ దేశంలో నది లేదు, చెరువు లేదు. ఏడాదంతా కలిపి కురిసే వాన ఏడెనిమిది సెంటీమీటర్లకు మించదు. అయినా కొళాయిలో ధార ఆగదు. ఈ నీరు ఎక్కడిదని పిల్లలు అడిగితే "సముద్రానిది" అని ఒక్క మాటలో చెప్పి ఊరుకుంటాము. ఆ సమాధానం సరైనదే. కాని వంద సంవత్సరాల క్రితం ఇదే ప్రశ్న వేసిన పిల్లలకు ఇక్కడి తల్లిదండ్రులు "నేల ఇచ్చినది" అని చెప్పేవారు. ఒక శతాబ్దంలోనే ఆ సమాధానం ఎందుకు మారిందో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం. అది పరాయి దేశపు కథగా మొదలై, చివరకు మన ఊరి కథగా కూడా తేలుతుంది.

కథకు ముందు ఒక తెలుగు మాటను గుర్తు చేసుకుందాం. మన చెరువుల కింద నీరుగంటి అనే ఒక ఉద్యోగి ఉండేవాడు. తెలంగాణ ఊళ్ళలో అతనిని నీరటి అనీ, నీరడి అనీ పిలిచేవారు. చెరువు తూము తెరవడం, మూయడం, ఏ పొలానికి ఎంత సేపు నీరు పారాలో చూడడం అతని పని. ఎంత పెద్ద రైతైనా తన చేతితో తూము తీయరాదు. పంట ఇంటికి వచ్చినప్పుడు ప్రతి రైతూ అతనికి కొంత ధాన్యం కొలిచి ఇచ్చేవాడు. చాలా ఊళ్ళలో ఈ బాధ్యత దళిత కుటుంబాలది. ఊరు వారికి ఇచ్చిన గౌరవం తక్కువే అయినా, ఊరి పంట మాత్రం వారి న్యాయబుద్ధి మీదనే నిలిచేది. నీటిని లెక్కించి, పంచి, కాపాడే మనిషి ఒకడు ఉండాలన్న ఈ ఆలోచనను మనసులో ఉంచుకుని బహ్రెయిన్ చరిత్రలోకి వెళదాం.

రెండు సముద్రాల నేల

అరబ్బీ భాషలో బహ్ర్ అంటే సముద్రం. బహ్రెయిన్ అంటే రెండు సముద్రాలు. ఈ పేరుకు అనేక వివరణలు ఉన్నాయి. వాటిలో జనం ఎక్కువగా చెప్పుకునేది ఒకటి: ద్వీపం చుట్టూ ఉన్నది ఉప్పు సముద్రం, ద్వీపం అడుగున ఉన్నది మంచినీటి సముద్రం. శాస్త్రపరంగా చూసినా ఈ మాటలో సత్యం ఉంది. సౌదీ అరేబియా తూర్పు భాగంలో సున్నపురాతి పొరల మధ్య చేరిన నీరు, సముద్రం అడుగున ఉన్న రాతిపొరల గుండా మెల్లగా ప్రవహించి, బహ్రెయిన్ చేరుతుంది. దమ్మామ్ పొర అని భూగర్భ శాస్త్రవేత్తలు పిలిచే ఈ రాతిలో నీరు ఒత్తిడితో నిండి ఉండేది. రాతికి ఎక్కడ పగులు దొరికితే అక్కడ అది ఊటగా పైకి ఉబికేది.

ఈ వింతను చూసిన ప్రాచీనులు దానిని దేవతల కృపగా భావించారు. నాలుగు వేల ఏళ్ళకు పూర్వం ఈ ద్వీపం దిల్మున్ అనే పేరుతో ప్రసిద్ధమైన వర్తక కేంద్రం. సుమేరు ప్రజల పురాగాథ ఒకటి ఈ నేల గురించి చెబుతుంది. దిల్మున్ పుణ్యభూమే కాని అక్కడ మంచినీరు లేదు. ఆ లోటును ఎన్కి అనే దేవుని ముందుంచగా, ఆయన ఆజ్ఞ మేరకు భూమి లోపలి నుంచి తీపి నీరు పైకి వచ్చింది. పొలాలు పండాయి, నగరం ఓడరేవుగా వర్ధిల్లింది. సుమేరు వారికి ఎన్కి భూగర్భంలోని మంచినీటికి అధిపతి.

1954లో పి.వి. గ్లోబ్, జెఫ్రీ బిబ్బీ నాయకత్వంలోని డెన్మార్క్ పురావస్తు బృందం ద్వీపపు ఉత్తర భాగంలో బార్బార్ అనే గ్రామం దగ్గర ఒక దిబ్బను తవ్వింది. ఒకదానిపై ఒకటిగా కట్టిన మూడు ప్రాచీన ఆలయాలు అందులో బయటపడ్డాయి. ఆ ఆలయం నుంచి రాతి మెట్లు కిందికి దిగుతాయి. మెట్ల చివర ఒక ఊటబావి. ఈ ఆలయం ఎన్కిది అయి ఉంటుందని పలువురు పండితుల అభిప్రాయం. బార్బార్‌ను చూసిన తెలుగువారెవరికైనా ఆ మెట్ల దగ్గర నిలబడగానే మన కోనేరు జ్ఞాపకం వస్తుంది. గుడి పక్కన నీరు, నీటిలోకి మెట్లు. ఈ రెండు సంప్రదాయాలకు సంబంధం ఉందని మేము చెప్పడం లేదు. నీటిని పూజించదగినదిగా చూసే గుణం మనిషికి చాలా పాతదని మాత్రం ఆ మెట్లు చెబుతాయి.

ఊటల కాలం

ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల వరకు బహ్రెయిన్ జీవితం ఊటల చుట్టూనే తిరిగింది. ద్వీపపు ఉత్తర తీరం వెంట ఖర్జూర వనాలు దట్టంగా ఉండేవి. ఊటల నుంచి రాతి కాలువలు ఆ తోటలకు నీరు తీసుకుపోయేవి. కొన్ని చోట్ల ఖనాత్ అనే భూగర్భ కాలువలు తవ్వి, ఎండకు ఆవిరి కాకుండా నీటిని దూరం చేర్చేవారు. ఏ తోటకు ఎంత సేపు నీరు అన్నది ఆచారం నిర్ణయించేది. ఆ వంతులు తరతరాలుగా వచ్చినవి. మన నీరుగంటి వంతులతో అవి పోల్చదగినవి.

సముద్రం అడుగున కూడా ఊటలు ఉండేవి. వాటిని ఇక్కడి వారు కౌకబ్ అనేవారు. ఆ మాటకు నక్షత్రం అని అర్థం. ముత్యాల వేటకు వెళ్ళిన పడవలు ఎండాకాలమంతా సముద్రం మీదనే ఉండేవి. పడవలో తాగునీరు అయిపోతే మునిగేవారు తోలుసంచి తీసుకుని ఉప్పునీటిలోకి దిగి, అడుగున ఉన్న ఊట నోటికి ఆ సంచిని పట్టి, మంచినీరు నింపుకుని పైకి వచ్చేవారు. ముహర్రక్ ద్వీపంలో నేల మీద మంచినీరు అరుదు కనుక అక్కడి ప్రజలు కూడా ఇటువంటి ఊటలపై ఆధారపడేవారు. ఉప్పుసముద్రం మధ్యలో మునిగి తీపి నీరు తేవడం మనకు జానపద కథలా వినిపిస్తుంది. ఇక్కడి తాతలకు అది నిత్యకృత్యం.

ఊటలన్నింటిలో పేరు పొందినది అధారి. మనామాకు నైరుతి దిక్కున ఉన్న ఈ ఊట ఒక విశాలమైన కొలనుగా ఉండేది. పిల్లలు ఈదడం, స్త్రీలు బట్టలు ఉతకడం, కుటుంబాలు చెట్ల నీడన కూర్చోవడం అక్కడ సాగేవి. ఈ ఊట మీద ఒక లోకోక్తి ఉంది. అధారి ఊట దూరంగా ఉన్నవారికి నీరిచ్చి దగ్గరి వారిని వదిలేస్తుందని దాని భావం. ఊట పల్లంలో ఉండడం చేత దాని నీరు పక్కనున్న మెరకకు ఎక్కక, కాలువ వెంట దూరపు తోటలకు పారేదని చెబుతారు. సొంతవారిని పట్టించుకోక పరులకు పెట్టేవారిని గూర్చి బహ్రెయినీలు నేటికీ ఈ సామెత వాడతారు. దూరదేశంలో సంపాదించి సొంత ఊరి పొలాన్ని తడిపే ప్రవాసులు ఈ సామెత వింటే ఒక క్షణం ఆగి ఆలోచించక తప్పదు.

నేడు సెలవురోజున మన కుటుంబాలు పిల్లలను తీసుకువెళ్ళే అధారి వినోద ఉద్యానవనం ఆ కొలను పక్కనే వెలసినది. అక్కడ రంగులరాట్నాలు ఉన్నాయి. సహజంగా ఉబికే ఊట మాత్రం లేదు.

బోరు వచ్చిన నాడు

ఊటలు ఎందుకు ఎండిపోయాయి? అందుకు కారణమైన మార్పు 1925లో ఆరంభమైంది. న్యూజిలాండ్‌కు చెందిన ఫ్రాంక్ హోమ్స్ అనే వ్యాపారి అరేబియాలో చమురు ఉందని నమ్మి తిరుగుతుండేవాడు. బహ్రెయిన్ పాలకులకు అప్పుడు కావలసినది చమురు కాదు, తాగునీరు. హోమ్స్ యంత్రాలు తెచ్చి లోతైన బోరుబావులు తవ్వించాడు. నీరు తన ఒత్తిడితో తానే పైకి ఎగసింది. సంతోషించిన పాలకులు 1925 డిసెంబరులో అతనికి చమురు అన్వేషణ హక్కు ఇచ్చారు. ఆ హక్కు చేతులు మారి, 1932 జూన్ 1న జబల్ దుఖాన్ కొండ దగ్గర చమురు పడింది. గల్ఫ్ అరబ్బు తీరంలో తొలి చమురుబావి అదే. అంటే గల్ఫ్ చమురు యుగానికి తలుపు తీసినది ఒక నీటిబోరు.

ఆ రోజున ఎవరూ తప్పు చేయలేదు. బోరు నీరు శుభ్రమైనది, సులభమైనది. ఊట దగ్గరకు బిందెతో నడవవలసిన స్త్రీకి ఇంటి దగ్గర నీరు దొరకడం వరమే. అందుకే ఒక బోరు పది అయింది, పది వందలయ్యాయి. పంపులు వచ్చాయి. జనాభా కూడా పెరిగింది. 1941లో జరిగిన తొలి జనగణన ప్రకారం ఈ దేశంలో ఉన్నవారు సుమారు 90 వేలు. 1981 నాటికి మూడున్నర లక్షలు. 2020 నాటికి 15 లక్షలు.

చిక్కంతా ఇక్కడే వచ్చింది. నేల మీద పారే ఊటనీటికి వంతులు ఉండేవి, లెక్క ఉండేది, తగవు తీర్చే పెద్దలు ఉండేవారు. నేల కింద ఉన్న నీటికి ఆ ఏర్పాటు ఏదీ లేదు. ఎవరి స్థలంలో వారు తవ్వుకున్నారు, ఎవరికి కావలసినంత వారు తోడుకున్నారు. అందరి బోర్లూ ఒకే రాతిపొరలో ఉన్నాయన్న సంగతి పైకి కనబడదు. ఎగువన సౌదీ తూర్పు ప్రాంతంలో కూడా తోడకం పెరిగింది. నేల కింద తూము దగ్గర నిలబడి "ఇక చాలు" అనే నీరుగంటి లేడు.

లెక్క చూస్తే విషయం తేటపడుతుంది. ఈ ద్వీపానికి భూగర్భం నుంచి ఏటా వచ్చి చేరే నీరు సుమారు 11 కోట్ల ఘనపు మీటర్లు అని అంచనా. ఒక ఘనపు మీటరు అంటే వెయ్యి లీటర్లు. 2003లో బహ్రెయిన్ నేల నుంచి తోడిన నీరు దాదాపు 24 కోట్ల ఘనపు మీటర్లు. రాబడికి రెండింతలు మించిన ఖర్చు. ఏ ఇంటి లెక్క అయినా ఇలా ఎంతకాలం నిలుస్తుంది? ఒత్తిడి తగ్గగానే ఊటలు ఉబకడం మానాయి. మొదట కొలనుల మట్టం దిగింది, తరువాత ఊటలకు పంపులు పెట్టవలసి వచ్చింది, ఆపై ఒక్కొక్కటిగా ఎండిపోయాయి. మంచినీరు ఖాళీ చేసిన చోటును ఉప్పునీరు ఆక్రమించింది. ఖర్జూర చెట్లు మాడాయి. సముద్రపు అడుగున వెలిగిన నక్షత్రాలు కూడా దాదాపు ఆరిపోయాయి.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. గల్ఫ్ దేశాలకు కూలికి వచ్చిన తెలంగాణ సోదరులలో ఎందరో ఊళ్ళో బోర్లు పడక అప్పులపాలై వచ్చినవారు. కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాలలో ఈ కథ ఇంటింటిదీ. అక్కడ కూడా ఒకప్పుడు చెరువులు, మోట బావులు ఉండేవి, వాటి పక్కన నీరటి ఉండేవాడు. చెరువులు పూడిపోయి, ఎవరి బోరు వారిదైన తరువాత నీరటికి పని లేకుండా పోయింది. పక్క రైతు రెండు వందల అడుగులకు దించితే మనం మూడు వందలకు దించాలి. ఈ పరుగులో చివరకు అందరి బోర్లూ ఎండాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2002లో నీరు, భూమి, చెట్ల రక్షణ కోసం వాల్టా చట్టం తెచ్చి కొత్త బోర్లకు అనుమతి, నమోదు తప్పనిసరి చేసింది. తెలంగాణ ప్రభుత్వం 2015లో మిషన్ కాకతీయ పేరుతో చెరువుల పూడిక తీయించడం మొదలుపెట్టింది. ఊరు ఎండి గల్ఫ్‌కు వచ్చిన మనిషి, ఊట ఎండిన దేశంలోనే దిగాడు. రెండు చోట్లా నీటిని పోగొట్టుకున్న తీరు ఒక్కటే.

సముద్రాన్ని తోడుకున్న తరం

నేల ఇవ్వలేని నీటిని సముద్రం నుంచి తయారు చేసుకోవడం తప్ప బహ్రెయిన్‌కు మరో దారి లేకపోయింది. 1970ల మధ్యలో సిత్రా ద్వీపంలో విద్యుత్తును, మంచినీటిని కలిపి ఉత్పత్తి చేసే కేంద్రం మొదలైంది. సముద్రపు నీటిని కాచి, ఆవిరిని చల్లార్చి మంచినీరు చేసే పద్ధతి అది. మన వంటింట్లో గిన్నె మూత కింద చేరే చుక్కల వంటిదే, దేశానికి సరిపడేంత పెద్దది. 1984లో రాస్ అబూ జర్జూర్‌లో మరో పద్ధతి వచ్చింది. ఉప్పు కలిసిన భూగర్భ జలాన్ని అతి సన్నని పొరల గుండా ఒత్తిడితో నెట్టితే ఉప్పు ఒకవైపు, నీరు ఒకవైపు చేరతాయి. మన ఊళ్ళలో ఆర్వో అని పిలిచేది ఇదే.

ఆ తరువాత వచ్చినవి ఇంకా పెద్దవి. హిద్ద్ కేంద్రం విస్తరణ తరువాత రోజుకు సుమారు 41 కోట్ల లీటర్ల సామర్థ్యానికి చేరింది. దక్షిణాన అల్ దూర్‌లో 2012లో సుమారు 22 కోట్ల లీటర్ల ఆర్వో కేంద్రం, 2022లో దాని పక్కన సుమారు 23 కోట్ల లీటర్ల రెండవ కేంద్రం పనిచేయనారంభించాయి. 2007లో ఏర్పడిన విద్యుత్, నీటి ప్రాధికార సంస్థ ఈ నీటిని కొని ఇంటింటికి చేరుస్తున్నది. ఈ దేశానికి నేటి నీరుగంటి ఈ సంస్థే అనుకోవచ్చు. తూము బదులు మీటరు, ధాన్యం బదులు నెల బిల్లు.

అయితే ఈ నీటికి మూడు బరువులు ఉన్నాయి. మొదటిది శక్తి. ఆర్వో పద్ధతిలో ఒక ఘనపు మీటరు సముద్రపు నీటిని శుద్ధి చేయడానికి మూడు నాలుగు యూనిట్ల విద్యుత్తు పడుతుంది. నీటిని కాచే పద్ధతికి అంతకంటే ఎంతో ఎక్కువ. ఇక్కడ విద్యుత్తు పుట్టేది ప్రధానంగా సహజ వాయువు నుంచి. ఆ వాయువు కూడా తరిగిపోయే నిధియే. రెండవది సముద్రం. 1991 గల్ఫ్ యుద్ధంలో కువైట్ తీరాన సముద్రంలోకి వదిలిన చమురు తెట్టు దక్షిణంగా కదిలినప్పుడు, తీరం వెంట నీటిని తీసుకునే కేంద్రాలన్నీ భయంతో కంచెలు వేసుకున్నాయి. ఒకే సముద్రం మీద అన్ని దేశాలు ఆధారపడితే ఆ సముద్రానికి వచ్చిన జబ్బు అందరిదీ అవుతుంది. శుద్ధి చేయగా మిగిలిన చిక్కటి ఉప్పునీరు తిరిగి అదే సముద్రంలో కలుస్తుందన్నది కూడా మరువరాదు. మూడవది ధర. చాలా కాలం నీటి అసలు ఖర్చులో ఎక్కువ భాగం ప్రభుత్వమే భరించింది. 2016లో ధరల సవరణ మొదలై, రాయితీ లేని వినియోగదారులకు 2019 నాటికి ఘనపు మీటరుకు 750 ఫిల్సుల వరకు పెరిగింది. స్వదేశీయుల మొదటి ఇంటికి తక్కువ ధర కొనసాగింది. మన వంటి ప్రవాసులకు ఆ పెంపు బిల్లులో స్పష్టంగా కనిపించింది.

ఆ బిల్లు చూసి మనం విసుగుకున్నాము. ఇప్పుడు లెక్క వేసి చూద్దాం. వెయ్యి లీటర్లకు 750 ఫిల్సులు అంటే లీటరుకు ఒక ఫిల్సు కూడా కాదు. సముద్రం నుంచి తీసి, ఉప్పు వేరు చేసి, గొట్టాల గుండా మన వంటింటి వరకు చేర్చిన నీరు అది. అంగడిలో కొన్న సీసా నీటి ధరతో దీనిని పోల్చి చూడమని పిల్లలకు ఒక లెక్క ఇవ్వవచ్చు.

వాడిన నీటి గతి

నీటి చరిత్రలో సగం మాత్రమే కొళాయి వరకు. మిగిలిన సగం కాలువలో దిగిన తరువాత మొదలవుతుంది. దానిని గూర్చి మాట్లాడడానికి మనం సంకోచిస్తాము. కాని ఈ దేశపు రేపటి నీటి ఆశ చాలావరకు అక్కడే ఉంది.

బహ్రెయిన్‌లో ప్రధాన మురుగునీటి శుద్ధి కేంద్రం తుబ్లిలో 1982లో ప్రారంభమైంది. పెరిగిన జనాభాకు దాని శక్తి చాలలేదు. రోజుకు 20 కోట్ల లీటర్లకు సరిపడేలా ఉన్న కేంద్రానికి 30 కోట్ల లీటర్లకు పైగా నీరు వచ్చి చేరేది. ఎక్కువైన భారం పక్కనున్న తుబ్లి అఖాతం మీద పడింది. మడ చెట్లతో, వలస పక్షులతో నిండిన ఈ అఖాతం 1997లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా రామ్సర్ జాబితాలో చేరినది. ఒకవైపు గౌరవం, మరోవైపు మురుగు. ఈ బరువు దించడానికి 2014లో ముహర్రక్‌లో రోజుకు 10 కోట్ల లీటర్ల కొత్త కేంద్రం పనిచేయనారంభించింది. తుబ్లి సామర్థ్యాన్ని రెట్టింపు చేసి రోజుకు 40 కోట్ల లీటర్లకు చేర్చే పనులు చేపట్టారు.

శుద్ధి అయిన నీటిని మరోసారి వడపోసి, ఓజోన్ వాయువుతో క్రిములను చంపి, తోటలకు, పొలాలకు, రోడ్డు పక్క చెట్లకు పంపుతారు. 2003 లెక్కలో ఇలా తిరిగి వాడిన నీరు కోటీ అరవై లక్షల ఘనపు మీటర్లు మాత్రమే. ఆ ఏడాది దేశం వాడిన నీటిలో అది ఇరవయ్యో వంతు కన్నా తక్కువ. కాని ఈ నీటికి ఒక గొప్ప గుణం ఉంది. జనం పెరిగే కొద్దీ ఇది కూడా పెరుగుతుంది. తోటకు ఇది పారితే అంతమేర భూగర్భ జలం మిగులుతుంది. ఊటలను చంపిన తోడకం తగ్గడానికి ఇదే దగ్గరి దారి.

వాడిన నీటిని వదిలేస్తే ఏమవుతుందో చూడడానికి మన హైదరాబాదు చాలు. 1908 సెప్టెంబరులో మూసీ వరద వేల ప్రాణాలు తీసిన తరువాత, మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి సలహాతో నగరానికి ఎగువన 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ వచ్చాయి. వరదను ఆపడం, తాగునీరు ఇవ్వడం రెండూ వాటితో నెరవేరాయి. నగరం పెరిగే కొద్దీ ప్రతి తరం మరింత దూరపు నీటిని తెచ్చుకుంది: మంజీరా, ఆపై వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి కృష్ణ, ఆ తరువాత గోదావరి. తెచ్చుకున్న నీటి మీద పెట్టిన శ్రద్ధ, వాడి వదిలిన నీటి మీద అంతగా పెట్టలేదు. ఫలితంగా మూసీ నగరం దిగువన మురుగు ప్రవాహమై, ఆ నీటితోనే రైతులు వరి, పశుగ్రాసం పండించవలసి వచ్చింది. అధారి సామెత ఇక్కడ మరో అర్థంలో నిజమైంది. దూరపు నదులను పిలిచి, ఇంటి పక్క నదిని మరిచాము.

దీనికి భిన్నమైన దారి నడిచిన నగరాలు కూడా ఉన్నాయి. ఆఫ్రికాలోని నమీబియా రాజధాని విండ్‌హుక్ 1968 నుంచే మురుగునీటిని పూర్తిగా శుద్ధి చేసి తాగునీటిలో కలుపుతున్నది. సింగపూర్ 2003లో న్యూవాటర్ పేరుతో అటువంటి నీటిని పరిశ్రమలకు ఇవ్వడం, జలాశయాలలో కొద్దిగా కలపడం మొదలుపెట్టింది. ఈ రెండూ నీటి కరవు ఎరిగిన ప్రదేశాలే. అవసరం వారి సంకోచాన్ని పోగొట్టింది.

రేపటి లెక్క

రాబోయే కాలంలో బహ్రెయిన్ నీటి సంస్థల ముందున్న పనిని నాలుగు మాటలలో చెప్పవచ్చు. కాచే పద్ధతి నుంచి తక్కువ శక్తి పట్టే ఆర్వోకు మారడం. ఆ శక్తిలో కొంతైనా సూర్యుని నుంచి తీసుకోవడం. భూమిలోని గొట్టాల నుంచి కారిపోయే నీటిని పట్టడం. వాడిన ప్రతి చుక్కనూ శుద్ధి చేసి మళ్ళీ పనిలో పెట్టడం. ఇవన్నీ ఇంజనీర్లు ఎరిగినవే. కావలసిన యంత్రాలు ఉన్నాయి. పెట్టుబడి ఎవరు భరించాలి, ధర ఎవరి మీద ఎంత పడాలి అన్నదే కష్టమైన ప్రశ్న. నీటి ధర మరీ తక్కువైతే సంస్థ గొట్టాలు మార్చలేదు, వాడేవాడు జాగ్రత్తపడడు. మరీ ఎక్కువైతే కార్మిక శిబిరంలో పదిమంది కలిసి ఒక గదిలో ఉండే కూలీ నలిగిపోతాడు. నీరుగంటి కూడా ఈ చిక్కును ఎరిగినవాడే. కరవు ఏడాదిలో ఆయకట్టు అంతటికీ నీరు చాలనప్పుడు, పెద్దరైతు పొలం మొత్తం తడపకుండా, ప్రతి కుటుంబానికి కొంత చెక్క పండేలా పంచిన ఊళ్ళు మనకు ఉన్నాయి. ధరల పట్టిక రాసే అధికారికి కూడా ఆ న్యాయమే కావాలి.

మన వంతు ఏమిటి? మనం ఇక్కడ కొంతకాలం ఉండి వెళ్ళేవారమే కావచ్చు. అయినా ఈ దేశపు నీరు తాగి మన పిల్లలు పెరుగుతున్నారు. నీటి బిల్లు వచ్చినప్పుడు దానిని పిల్లల చేతికి ఇచ్చి, మన ఇంట్లో మనిషికి రోజుకు ఎన్ని లీటర్లు అయ్యాయో తెలుగులో లెక్క చెప్పించండి. వంట నూనెను కాలువలో పోయకండి. అది గొట్టంలో గడ్డకట్టి, శుద్ధి కేంద్రం పని పాడు చేస్తుంది. కారుతున్న కొళాయిని "అద్దె ఇల్లే కదా" అని వదలకండి. ఒక సెలవురోజున బార్బార్ మెట్లను, అధారి కొలనును వరుసగా చూపించి, ఈ రెండింటి మధ్య ఏమి జరిగిందో వారికి చెప్పండి. ఊరికి వెళ్ళినప్పుడు తాతగారినో, అమ్మమ్మగారినో అడిగి, మీ చెరువుకు నీరుగంటి ఎవరు ఉండేవారో, ఆ కుటుంబం ఇప్పుడు ఎక్కడ ఉందో తెలుసుకుని రండి. పేరు తెలిస్తే రాసి ఉంచుకోండి. చాలా ఊళ్ళలో ఆ పేరు తెలిసినవారు ఇంకా మిగిలి ఉన్న చివరి తరం ఇదే.